ఫ్రెండ్ పని

మా మండలం స్నేహంలో జిల్లాకే ప్రథమ స్థానంలో నిలిచిందని తెలియజేయడానికి ఎంతో గర్విస్తున్నాం. వర్షపాతంలో చివరి స్థానం మాకు ఎలాగూ ఉంది. దానికోసం మేం ప్రత్యేకంగా కష్టపడాల్సింది ఏమీ లేదు, మబ్బులే చూసుకుంటాయి. స్నేహంలో మొదటి స్థానం మాత్రం మనుషులు పూనుకుని, బండ్లు కట్టి, జనాన్ని తోలి సాధించినది. కాబట్టి ఆ ఘనకార్యం జరిగిన తీరును పాఠకుల ముందు ఉంచడం నా ధర్మం.

మండలం పేరు చెప్పను. చెబితే ఏ నాయకుడి పేరు ముందు రాశానో చూడటానికి రెండు వర్గాలూ మా ఇంటికి వస్తాయి. ఉరవకొండ దాటి ఎర్రనేలల్లో పోతూ ఉంటే ఒక బస్టాండు వస్తుంది. రోడ్డుకు ఈ పక్క గంగాధరప్ప వర్గం టీ కొట్టు, ఆ పక్క నల్లప్ప వర్గం టీ కొట్టు ఎదురెదురుగా ఉంటాయి. అదే మా ఊరు. తెలియని కొత్తవాళ్ళు దాహమేసి ఏదో ఒక కొట్లో కూర్చుంటారు. గ్లాసు కింద పెట్టేలోగా వాళ్ళు ఎవరి మనుషులో ఊరంతా తేల్చేస్తుంది.

ఇది రెండువేల ఎనిమిది నాటి సంగతి. గంగాధరప్ప మండలానికి మాజీ అధ్యక్షుడు. ఆయనకు వంద ఎకరాల మెట్ట, నీళ్ళు పడని బోర్లు చాలా, రెండు సుమోలు, ఒక కొడుకు. కొడుకు పేరు తేజ. పదహారేళ్ళవాడు, ఇంటర్ మొదటి సంవత్సరం. కాలేజీ వదలగానే వాడు బస్టాండు వెనక ఉన్న రాఘవేంద్ర నెట్ సెంటర్‌కు పోయి కూర్చునేవాడు. ప్లైవుడ్ అరల్లో నాలుగు కంప్యూటర్లు, వాటికి పైన తిరిగీ తిరగని ఒక ఫ్యాను. కరెంటు ఉన్నప్పుడు మా మండలం అక్కడి నుంచే ప్రపంచంతో మాట్లాడేది.

అప్పట్లో పిల్లలందరూ ఒక సైటు చూసేవాళ్ళు. దానికి ఇంగ్లీషులో ఏదో పేరుంది, మేం ఫ్రెండ్స్ సైటు అనేవాళ్ళం. అందులో ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. పేజీ మీద ఫోటో, ఫోటో కింద నీకెంతమంది స్నేహితులో తెలిపే అంకె. ఆ అంకె లోకంలో అందరికీ కనబడుతుంది. మనిషి విలువను నెత్తిన రాసి తిప్పే ఇంత సౌకర్యం మన పెద్దవాళ్ళకు లేకపోయిందే అని నేను చాలాసార్లు బాధపడ్డాను.

తేజ అంకె ఇరవై ఏడు. వాడి ఫోటో కింద ఎవరో ముసుగు పేరుతో 'ఈ మొటిమల మొగానికి ఫోటో ఒకటే తక్కువ' అని రాశారు. దాని కింద మరికొందరు పకపకా నవ్వి పోయారు. భౌతికశాస్త్రంలో ఒక్క సూత్రం నోటికి రాని కుర్రవాడికి ఈ వాక్యం మాత్రం ఒక్కసారికే కంఠస్థమైంది. అప్పటినుంచి అద్దం ముందు ఎక్కువసేపు, కంచం ముందు తక్కువసేపు కనబడసాగాడు. పేజీ తెరవడం, అంకె చూడటం, మూయడం, పెరిగిందేమోనని మళ్ళీ తెరవడం. పిల్లవాడు కంప్యూటరు బాగా నేర్చుకుంటున్నాడని ఇంట్లోవాళ్ళు సంతోషించారు.

ఆ ఇరవై ఏడుమందిలో ఓబిలేష్ ఒకడు. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా తేజ పక్కన ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు. ఇప్పుడు అనంతపురంలో పాలిటెక్నిక్ చదువుతున్నాడు. వాడికి నాజూకు మాటలు రావు. రోజూ సాయంత్రం తేజ పేజీలో ఒకే ముక్క రాసేవాడు.

'రేయ్, సంగటి తింటివా?'

అంతే. తేజకు అబద్ధం రాయడం ఇష్టముండేది కాదు. అందుకని ఆకలి లేకపోయినా ఇంటికి పోయి, ఒక ముద్ద మింగి, మర్నాడు వచ్చి 'తింటి. నువ్వు?' అని జవాబు రాసేవాడు. ఆ రోజుల్లో వాడి ఒంట్లోకి పోయిన రాగిసంగటి అంతా ఈ ఒక్క ప్రశ్న చలవే. ఈ సంగతి మాకెవరికీ తెలియదు. తెలిసినా ఇందులో ఇంత ప్రత్యేకంగా చెప్పుకోవడానికి ఏముందని అనుకునేవాళ్ళం.

ఇలా ఉండగా ఆ పక్క టీ కొట్టులో ఒక ప్రకటన వెలువడింది. నల్లప్ప కూతురు పద్మప్రియకు ఫ్రెండ్స్ సైటులో మూడువందల పైచిలుకు స్నేహితులున్నారట. ఆ మాట రోడ్డు దాటి ఈ పక్క టీ కొట్టుకు వచ్చేసరికి గంగాధరప్ప చేతిలోని టీ చల్లారిపోయింది. ఆయన కుడిభుజం లాంటి తిమ్మప్పను పిలిచాడు. ఎన్నికలకు, సభలకు, పెద్దల అంత్యక్రియలకు జనాన్ని తోలే శాఖ తిమ్మప్పది.

"ఏమప్పా తిమ్మప్పా, నల్లప్ప కూతురికి మూడు నూర్లమంది ఉండారంట. మనోనికి ఎంతమంది?"

"ఇరవై ఏడుమందిన్నా."

"ఇరవై ఏడా! నా కొడుకు ఎనకాల ఇరవై ఏడుమందేనా? రేపు నేను ఎలచ్చన్లో నిలబడితే జనం ఏమనుకుంటారు?"

పాఠకులు గంగాధరప్పను తప్పుగా అర్థం చేసుకోకూడదు. ఫ్రెండ్ అనే మాట ఆయనకు తెలియక కాదు. మా ప్రాంతంలో మనిషికి రెండే రకాల మనుషులుంటారు, మనోళ్ళు, వాళ్ళోళ్ళు. మనోళ్ళు ఎంతమంది అన్నది పెళ్ళి పందిట్లో, పోలింగు బూతులో, ఆసుపత్రి గేటు ముందు లెక్క తేలే విషయం. ఇప్పుడు కంప్యూటర్లో కూడా తేలుతోందని ఆయన గ్రహించాడు. కాలంతో పాటు నడిచే నాయకుడు కాబట్టి వెంటనే నెట్ సెంటర్‌కు కదిలాడు.

సెంటరు నడిపే రాఘవేంద్ర లేచి తన కుర్చీ ఇచ్చాడు. మా మండలంలో పిల్లల పాస్‌వర్డులన్నీ అతని దగ్గరే ఉంటాయి, రేషన్ కార్డులన్నీ డీలరు దగ్గర ఉన్నట్టు. తేజ పేజీ తెరిచి, ఓటర్ల జాబితా చదివినట్టు ఒక్కొక్క పేరే చదివాడు. గంగాధరప్ప కళ్ళు మూసుకుని విన్నాడు. ఒక పేరు దగ్గర కళ్ళు తెరిచాడు.

"ఓబిలేషా? ఎవురప్పా వాడు?"

"నల్లప్ప కళ్ళంలో పనిచేసే సుంకమ్మ కొడుకున్నా," అన్నాడు తిమ్మప్ప.

"వాళ్ళోడు మనోని జాబితాలో ఏంటికుండాడు? తీసెయ్."

రాఘవేంద్ర ఒక మీట నొక్కాడు. 'ఇతణ్ణి నిజంగా తీసేయాలనుకుంటున్నారా?' అని కంప్యూటరు అడిగింది. అవునని మరో మీట నొక్కాడు. మా వర్గాల చరిత్రలో ఒక మనిషిని ఇంత మర్యాదగా, ముందు ఒక మాట అడిగి మరీ తీసేయడం అదే మొదలు. గంగాధరప్పకు ఆ పద్ధతి బాగా నచ్చింది.

మర్నాడు సాయంత్రం తేజ పేజీ తెరిచాడు. ఇరవై ఆరు. తండ్రి వచ్చి వెళ్ళిన సంగతి రాఘవేంద్ర భయంభయంగా చెప్పాడు. తేజ వెంటనే ఓబిలేష్‌కు మళ్ళీ స్నేహం కోరుతూ పంపాడు. జవాబు రాలేదు, రాదు కూడా. ఎందుకంటే అప్పటికే నల్లప్ప సుంకమ్మను పిలిపించి, "మీవాణ్ణి వాళ్ళు గెంటేసినారంట కదా, మన మర్యాద ఏం కావల్ల?" అని నిలదీశాడు. ఆ తల్లి అనంతపురానికి ఫోన్ చేసి ఏడ్చింది. ఇక ఆ సైటు జోలికి పోనని ఓబిలేష్ అమ్మ మీద ఒట్టు పెట్టాడు. గొడవ సద్దుమణిగే దాకా ఊరికి రావద్దని కూడా నల్లప్ప సెలవిచ్చాడు.

గంగాధరప్ప ఖాళీ అయిన స్థానాన్ని అలా వదిలేసే మనిషి కాదు. జన సమీకరణ మొదలైంది. అదృష్టవశాత్తూ ఆ ఏడు అదునుకు వాన పడలేదు. విత్తనం వేరుశనగ మూటల్లోనే ఉంది, గొర్రు చూరు కిందనే ఉంది, జనమంతా ఊరికే ఉన్నారు. సుమోలు ఊరూరికీ పోయి అరుగుల మీది మనుషుల్ని ఎక్కించుకొచ్చాయి. నెట్ సెంటర్ ముందు షామియానా వేశారు. వరస గేటు దాటి, సందు తిరిగి, పశువుల ఆసుపత్రి దాకా పోయింది. పేజీ తెరిచి, తేజకు స్నేహితుడై బయటికొచ్చిన ప్రతి మనిషికీ ఒక చిత్రాన్నం పొట్లం.

కరువు వచ్చినప్పుడు ప్రభుత్వం రోడ్డు పక్కన గుంతలు తవ్వించి కూలి ఇస్తుంది. దాన్ని మేం కరువు పని అంటాం. ఈ కొత్త పనికి జనమే పేరు పెట్టుకున్నారు.

"ఏమ్మా రామాంజినమ్మా, యాడికి పోతాండావు?"

"ఫ్రెండ్ పనికి పోతాండా అన్నా. కరువు పని మాదిరి ఎండలో గుంత తవ్వేది లేదు. నీడన నిలబడితే చాలంట."

పేజీ తెరవాలంటే కంప్యూటరు చాలా ప్రశ్నలు అడిగేది. పుట్టినరోజు ఎప్పుడంటే ఎవరికీ తెలియదు. ఒకామె పెద్ద కరువు వచ్చిన ఏడంది, ఏ పెద్ద కరువో తేలలేదు. రాఘవేంద్ర అందరికీ ఆగస్టు పదిహేను వేశాడు. ఫోటో లేనివాళ్ళకు ఆంజనేయస్వామి ఫోటో పెట్టాడు. 'మీరు దేనికోసం వెతుకుతున్నారు?' అని ఒక ప్రశ్న ఉంది. స్నేహమనో, ఉద్యోగమనో, పెళ్ళనో చెప్పాలట. చాలామంది 'వాన' అన్నారు. ఒక పెద్దాయన తప్పిపోయిన ఎనుము అన్నాడు. రాఘవేంద్ర నిజాయితీపరుడు, చెప్పింది చెప్పినట్టు కొట్టాడు.

శ్రావణం వచ్చేసరికి తేజ అంకె రెండువేలు దాటింది. నల్లప్ప కూడా బండ్లు తిప్పాడు గానీ వెనకపడ్డాడు. ఆయన చేసిన తప్పు చిత్రాన్నంలో వేరుశనగ పలుకులు తగ్గించడమే. పద్మప్రియ అవమానంతో కాలేజీ మానేసి తలుపు వేసుకుందని తెలిసి, ఈ పక్క టీ కొట్టులో అందరికీ ఉచితంగా టీ పోశారు.

ఇంత వైభవం జరుగుతుంటే తేజ మాట్లాడటం మానేశాడు. పోనీ మాట్లాడకపోతే మానె, తినడం కూడా మానేశాడు. రాత్రి పెట్టిన కంచం మీద మూత పొద్దున దాకా అలాగే ఉండేది. తల్లి జ్యోతిలక్ష్మికి ఇది అంతుపట్టలేదు.

"రెండువేలమంది ఫ్రెండ్సును పెట్టుకోని దిగులేంటికిరా నీకు? నాకు చూడు, పుట్టింటోళ్ళు నలుగురు, అంతే. నేను తింటల్లేదా?" అంది.

అవ్వ బయమ్మ వాణ్ణి గాలి తాకిందని తేల్చి, తాయత్తు కట్టించింది. నెట్ సెంటర్‌లోని ఫ్యాను గాలే తాకిందని కొందరు అన్నారు. గంగాధరప్ప అభివృద్ధి నిరోధకుడు కాదు కాబట్టి తాయత్తుతో ఆగక, కొడుకును అనంతపురంలో ఒక మనసు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. రెండు సుమోలు నిండా మనుషులు కదిలారు. పేషెంటు ఒక్కడే లోపలికి రావాలని డాక్టరుగారు కోరారు. మనోణ్ణి ఒంటరిగా పంపే అలవాటు మా వర్గాల్లో లేదు. గదిలో పట్టినంతమందీ దూరారు, పట్టనివాళ్ళు కిటికీ దగ్గర నిలబడ్డారు.

"బాబూ, నువ్వు రోజూ ఎవరితో మాట్లాడతావు?" అని డాక్టరుగారు తేజను అడిగారు.

"రెండువేల నూటముప్పైమందితో సార్," అని తిమ్మప్ప జవాబిచ్చాడు.

డాక్టరుగారు కాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. తర్వాత గంగాధరప్పతో చెప్పారు. "మందు రాసిస్తాను. అంతకంటే ముఖ్యం, ఎవరైనా ఒకరు రోజూ పిల్లవాడి పక్కన కూర్చోండి. తిన్నావా, నిద్రపోయావా అని అడగండి. జవాబు చెప్పేదాకా ఉండండి. ఆ కంప్యూటరు కొన్నాళ్ళు ఆపండి. ఇప్పుడు పట్టించుకోకపోతే పిల్లవాడు చేయి దాటిపోతాడు."

తిరుగు దారిలో ఉరవకొండలో టిఫిన్‌కు ఆగారు. గంగాధరప్ప ఇడ్లీ తుంచుతూ దీర్ఘంగా ఆలోచించాడు. ఆయనకు కొడుకంటే ప్రాణం. ఆ మాట నేను ఎగతాళిగా అనడం లేదు. రాత్రిళ్ళు లేచి మూత తీయని కంచాన్ని చూసి, వాకిట్లో బీడీ మీద బీడీ కాల్చిన మనిషి ఆయన. కానీ కొడుకు పక్కన కూర్చుని ఏం మాట్లాడాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు. మైకు ముందు నిలబడి ఏం మాట్లాడాలో మాత్రం బాగా నేర్పారు.

"ఒకరు మాట్లాడాల్నంట! నా కొడుకుతో ఒకడు మాట్లాడేదేందప్పా? సభ పెడదాం," అన్నాడు.

ఆగస్టు పదిహేనున సభ జరిగింది. రాఘవేంద్ర పుణ్యమా అని ఆ రోజు రెండువేలమందికీ పుట్టినరోజు. పేరు పేరునా శుభాకాంక్షలు చెప్పమని కంప్యూటరు పొద్దున్నే తేజను ఆదేశించింది. హైస్కూలు మైదానంలో వేదిక, వేదిక మీద ముప్పై కుర్చీలు, మధ్య కుర్చీలో తేజ. వాడి మెడలో వేసిన బంతిపూల దండ బరువుకు వాడు ముందుకు వంగిపోయాడు. అది వినయమని ప్రజలు మెచ్చుకున్నారు.

ఒక వక్త మాట్లాడుతూ, కృష్ణుడికి కుచేలుడు ఒక్కడే స్నేహితుడనీ, మన తేజబాబుకు రెండువేలమందనీ, దీన్నిబట్టి ఎవరు గొప్పో ప్రజలే ఆలోచించుకోవాలనీ అన్నాడు. మరో వక్త మండలంలో స్నేహ సాంద్రత చదరపు కిలోమీటరుకు ఎంతో లెక్క చెప్పాడు. ఒంటరితనం అనే మాటను మండలం నుంచి పూర్తిగా నిర్మూలిస్తూ ఒక తీర్మానం ప్రవేశపెట్టారు. చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. తేజ ఎత్తలేదు గానీ అధ్యక్షులవారు దాన్ని ఏకగ్రీవంగానే ప్రకటించారు.

చివరికి మైకు తేజ చేతికిచ్చారు. వాడు దండను పక్కకు నెట్టి మైకు పట్టుకున్నాడు. గంగాధరప్ప కుర్చీ అంచుకు జరిగాడు. జ్యోతిలక్ష్మి ఆడవాళ్ళ వరసలో కొంగు నోట్లో పెట్టుకుంది. నెల దాటి వినబడని గొంతు మైకులో సన్నగా వచ్చింది.

"ఓబిలేష్ ఉన్నప్పుడు 'సంగటి తింటివా' అని అడుగుతాండె. ఇప్పుడు ఎవరూ అడగరు. మీలో ఒకరన్నా అడగండి."

మైదానంలో ఎక్కడో ఒక పిల్ల ఏడ్చింది. ఒక ముసలాయన లేవబోయాడని, నోరు కూడా తెరిచాడని అంటారు. ఇంతలో తిమ్మప్ప వేదిక పక్కనుంచి తువ్వాలు పైకెత్తాడు. తువ్వాలు ఎత్తితే చప్పట్లు కొట్టాలని జనానికి పొద్దున్నే చెప్పి ఉంచారు. చప్పట్లు మిన్నుముట్టాయి. ముసలాయన కూర్చుని తానూ కొట్టాడు.

అయితే నాయకుడన్నవాడు ప్రజావాణిని పెడచెవిన పెట్టడు. ఆ సాయంత్రమే గంగాధరప్ప ఆజ్ఞ జారీ చేశాడు. "నా కొడుకు ఒకరన్నా అడగండి అన్నాడు. ఒకరు కాదు, అందరూ అడగండి." మర్నాడు మళ్ళీ షామియానా, మళ్ళీ వరస, మళ్ళీ చిత్రాన్నం. జనం ఒక్కొక్కరే లోపలికి పోవడం, రాఘవేంద్ర వాళ్ళ తరఫున 'రేయ్, సంగటి తింటివా?' అని కొట్టడం. పెద్దింటి పిల్లవాణ్ణి రేయ్ అనడం మర్యాద కాదని తిమ్మప్ప అభ్యంతరం చెప్పడంతో దాన్ని 'తేజబాబుగారూ, సంగటి తింటిరా?' అని సవరించారు.

ఒకే ప్రశ్న రెండువేలసార్లు తేజ పేజీ నిండా బారులు తీరింది. దాన్ని చూడటానికి ఇంటిల్లిపాదీ నెట్ సెంటర్‌కు పోయారు. గంగాధరప్ప, జ్యోతిలక్ష్మి, అవ్వ బయమ్మ, వంటమనిషి కూడా. తేజ ఒక్కడే ఇంట్లో ఉన్నాడు. వంటింట్లో కంచం మీద మూత అలాగే ఉంది.

సభ విజయానికి గుర్తుగా ఈ పక్క టీ కొట్టు మీద తేజ ఫ్లెక్సీ వెలిసింది. ఊళ్ళో స్టూడియోవాళ్ళు వాడి మొటిమలు చెరిపి, రంగు తెల్లగా చేసి, జుట్టు ఇంకెవరిదో తెచ్చి అతికించారు. తేజ దాని కింద నుంచి నడిచి పోతూ అదెవరో అన్నట్టు చూశాడు. నల్లప్ప ఊరుకుంటాడా? మైకులో వినబడిన పేరు తమవాడిది. ఆ పక్క టీ కొట్టు మీద ఓబిలేష్ ఫ్లెక్సీ లేచింది. 'గెంటినా వంగని మన వర్గ సింహం' అని కింద రాయించారు. ఫోటో పదో తరగతి హాల్ టికెట్‌దే, కాకపోతే మనిషికి రెండింతల ఎత్తుకు పెంచారు. సుంకమ్మ పనికి పోతూ రోజూ కాసేపు దాని ముందు ఆగేది.

"ఎంత పెద్దగా పెట్టినారు నా కొడుకుని! వాణ్ణి మాత్రం ఇంటికి రానియ్యరు," అని పక్కనున్నవాళ్ళతో అనేది.

అలా ఆ కుర్రవాళ్ళిద్దరూ రోడ్డుకు అటూ ఇటూ ఫ్లెక్సీల మీద ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డారు.

కొద్దిరోజులకే శుభవార్త. తేజ మాట్లాడుతున్నాడు. కాలేజీ వదలగానే నెట్ సెంటర్‌కు పోకుండా, రోడ్డు దాటి ఓబిలేష్ ఫ్లెక్సీ కింద నిలబడి, తలెత్తి, "లేదురా, తినలేదు. నువ్వు?" అంటున్నాడట. విన్నవాళ్ళు పరుగున వచ్చి చెప్పారు. గంగాధరప్ప ఇంట్లో లడ్లు పంచారు. ఎవరితో మాట్లాడుతున్నాడని ఎవరూ అడగలేదు, మాట వచ్చింది, అంతే చాలు. కాకపోతే వాడు నిలబడింది వాళ్ళోళ్ళ పక్క కాబట్టి, రక్షణగా నలుగురు మనుషుల్ని కర్రలతో పెట్టారు.

ఆగస్టు చివర్లో ఒకనాటి సాయంత్రం వాన కురిసింది. చినుకు కాదు, వానే. మా మండలంలో వాన పడితే వర్గాలుండవు, స్నేహాలుండవు, అందరూ చేలవైపు పరుగెత్తుతారు. కాపలా కర్రలవాళ్ళూ పరుగెత్తారు. విత్తనం మూటల మీద కప్పడానికి పట్టలు చాలక, ఎవరో రెండు ఫ్లెక్సీలనూ కోసుకుపోయారు. తేజ మాత్రం ఖాళీ కర్రల కింద తడుస్తూ నిలబడి ఉన్నాడు.

అనంతపురం బస్సు ఆగింది. ఫ్లెక్సీతో మాట్లాడుతున్న కుర్రవాడి సంగతి బస్సుల్లో పడి పాలిటెక్నిక్ హాస్టలు దాకా పోయింది. ఓబిలేష్ దిగాడు. మనిషంత ఎత్తు ఉన్నాడు, అంతకంటే ఎక్కువ లేడు.

"రేయ్, సంగటి తింటివా?"

"లే."

"పా."

ఇద్దరూ సుంకమ్మ ఇంటికి పోయారు. ఆమె వేడి సంగటి ముద్దకు గుంట చేసి, నూనె పోసి, పక్కన ఊరిబిండి పచ్చడి పెట్టింది. తేజ రెండు ముద్దలు తిన్నాడు, మూడోది అడిగాడు. వీళ్ళిద్దరూ ఏదో చెప్పుకుని పడీ పడీ నవ్వారట. ఈ మొత్తం కథలో ఎవరూ ఏర్పాటు చేయకుండా జరిగింది ఇదొక్కటే. అందువల్ల దీనికి ఫోటోలు లేవు.

చీకటి పడ్డా తేజ ఇల్లు చేరలేదని తెలియగానే మండలం మేల్కొంది. నల్లప్ప మనుషులు ఎత్తుకుపోయారని ఈ పక్క, ఓబిలేష్‌ను గంగాధరప్ప మనుషులు బస్సు దించేశారని ఆ పక్క. నెట్ సెంటర్ ముందు వరసలో నిలబడినవాళ్ళంతా ఇప్పుడు కర్రలతో వరస కట్టారు. తేజ స్నేహితులే రెండువేలమంది ఉంటే ఇక జనానికేం కొదవ? బురదలో వెతుక్కుంటూ సుంకమ్మ గుడిసె చేరి తలుపు తోశారు. చేతులు కంచాల్లో ఉండగానే ఇద్దరూ దొరికారు.

"నాయనా, తింటాండాను నాయనా," అన్నాడు తేజ. వాడి మొహంలో ఇంకా నవ్వు పోలేదు.

గంగాధరప్ప కొడుకు మూతికి అంటిన సంగటి వైపు చూశాడు. తర్వాత వెనక నిలబడ్డ జనం వైపు చూశాడు. జనం ఆయన్నే చూస్తున్నారు.

"నా కొడుక్కి సంగటి పెట్టేకి నల్లప్ప కూలోళ్ళు కావల్సొచ్చినారా?" అని అరిచాడు.

పంచాయితీ జరిగింది. ఇరవై ఏళ్ళుగా ఏ విషయంలోనూ ఒక మాటకు రాని ఇద్దరు నాయకులూ ఆ రోజు ఏకాభిప్రాయానికి వచ్చారు. ఈ కుర్రవాళ్ళిద్దరూ ఇక కలుసుకోరాదు. ఓబిలేష్ చదువు మాన్పించి చిలమత్తూరులో మేనమామ దగ్గరికి పంపారు. నాయకులిద్దరూ చేతులు కలిపారు, ఫోటో దిగారు. మండలంలో శాంతి నెలకొన్నది. ఇంతకుముందు ఎందరో పెద్దలు ప్రయత్నించి సాధించలేని శాంతి ఇద్దరు పిల్లల వల్ల సిద్ధించింది.

తేజ ఇప్పుడు ఎలా ఉన్నాడని పాఠకులు ఆత్రంగా అడగవచ్చు. అంకె రెండువేల ఐదువందలు దాటింది. ఫోటోలో నవ్వుతున్నాడు, అది ఫ్లెక్సీలో పెట్టిన ఫోటోయే. కాలేజీకి పోవడం లేదు, ఎవరితోనూ మాట్లాడడు, గది తలుపు తీయడు. ఇంత క్రమశిక్షణ గల పిల్లవాణ్ణి చూడలేదని బంధువులు అంటున్నారు. జనమంతా చేలల్లో ఉన్నందున రాఘవేంద్ర ఒక ఉపాయం కనిపెట్టాడు. రోజూ సాయంత్రం అందరి తరఫునా 'సంగటి తింటిరా?' అని కంప్యూటరే అడుగుతుంది. తేజ తరఫున 'తింటి' అని కంప్యూటరే జవాబిస్తుంది. ఒక్కరోజు కూడా తప్పలేదు. గంగాధరప్ప ఆ జవాబు చూసుకుని నెట్ సెంటర్ నుంచి నిశ్చింతగా ఇంటికి వస్తాడు. వంటింట్లోకి మాత్రం పోడు.

ఈ సేవను ఇతర మండలాలకూ విస్తరించే ఆలోచన ఉంది. మీ ఇంట్లోనూ ఈడొచ్చిన పిల్లో పిల్లవాడో ఉండే ఉంటారు. పక్కగదిలో తలుపు వేసుకుని ఉన్నారు కదా? ఈ కథ చదవడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి మీరు అటు తొంగిచూడలేదు, పనుల్లో ఉన్నారు, మాకు తెలుసు. లేచి పోయి అడిగే శ్రమ మీకెందుకు? తిమ్మప్పతో ఒక మాట చెప్పండి. రెండువేలమంది చేత అడిగిస్తాడు.